డాల్డా డబ్బా ఇంజన్, చీమలు పట్టిన మేడారం

మా చిన్నప్పుడు హన్మకొండలో ఎగ్జిబిషన్ అంటే లెక్క ఒకటే. జెయింట్ వీల్, బావి గోడల మీద బైకు తిప్పే మోత్ కా కువా, గేటు బయట నుంచే ముక్కుకు తగిలే మిర్చి బజ్జీల వాసన, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. ఇవేవీ లేని ఎగ్జిబిషన్ ఒకటి ఉంటుందని, దానికీ టికెట్ కొనాలని తెలిసింది 1990ల మొదట్లో. ఒక కాలేజీ హాల్లో పెట్టారు. చిన్న బొమ్మలు, నమూనాలు. అంతే. ఊయల లేదు, ఐస్‌క్రీం లేదు.

నన్ను తీసుకెళ్లింది మా పెద్దబాపు. కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్. బొమ్మలంటే ఆయనకు మోజేమీ లేదు. షెడ్డులో ఎవరో "హన్మకొండల మన ఇంజన్ జేసి పెట్టిండ్రట, గింతే ఉన్నదట" అని జానెడు చూపించారట. మన ఇంజన్ అనేసరికి ఇక ఆగలేకపోయాడు. ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, పండక్కి కుట్టించుకున్న చొక్కా వేసుకుని, "నడువ్‌రా, జూసొద్దాం" అన్నాడు. ఫాతిమానగర్, ఆర్ఈసీ, సుబేదారి, అదాలత్ మీదుగా బస్సు వెళ్తున్నంతసేపూ ఆయన బాధ ఒక్కటే: చేసినవాడు షెడ్డు మనిషి కాదు, మరి కొలతలు ఎవరిచ్చారు?

లోపల తరగతి గది బల్లలు జతచేసి తెల్ల దుప్పట్లు పరిచారు. ప్రతి బొమ్మ ముందూ అట్టముక్క మీద పేరు, పక్కన 1:87, 1:72, 1:35 అని అంకెలు. మా ముందు నడుస్తున్న ఒకామె "ఇది రేటా అన్నా?" అని అడిగితే, చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. అసలుది 72 అడుగులుంటే బొమ్మ ఒక్క అడుగు. ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. ఆమె విని, "మరి మా ఆయన అంగుళం గూడ గాడు" అని నవ్వుకుంటూ ముందుకు వెళ్లిపోయింది.

ఇంజన్ హాలు మధ్యలోనే ఉంది. డబ్ల్యూడీఎం-2. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్‌తో 1960లలో మన దేశానికి వచ్చి, తర్వాత వారణాసిలో వేల సంఖ్యలో తయారైన 2,600 హార్స్‌పవర్ బండి. కాజీపేటలో పెరిగిన పిల్లలకు దాని చప్పుడు ఇంట్లో గోడ గడియారం లాంటిది, ఆగితేనే తెలుస్తుంది. అసలు ఇంజన్ 17 మీటర్ల పైచిలుకు. బల్ల మీదున్నది 1:87 లెక్కన దాదాపు 20 సెంటీమీటర్లు. చేసినాయనది వరంగల్‌లో రేడియో రిపేరు షాపు. డాల్డా డబ్బా రేకు కత్తిరించి, రేడియోలకు వాడే సోల్డరింగ్‌తోనే అతికించాడు. పక్కన పట్టుకునే కడ్డీలకు సైకిల్ బ్రేకు వైరు విప్పి తీసిన పోగులు. రేడియేటర్ జాలీకి దోమల మెష్. హెడ్‌లైట్‌కు బియ్యపు గింజంత బల్బు. కిందికి వంగి చూస్తే రేకు లోపలి వైపు డాల్డా పసుపుపచ్చ రంగు, తాటిచెట్టు బొమ్మలో సగం ఇంకా కనిపిస్తున్నాయి.

పెద్దబాపు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు. ఒకసారి కాదు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మంచిగ జేసినవ్ తమ్మీ. గని చక్రాలు గిట్లుండయి."

"ఎట్లుంటయన్నా?"

"మూడు చక్రాలు సమానంగ పెట్టినవ్. రెండు దగ్గరికి ఉంటయి, ఒకటి జర ఎడం ఉంటది."

ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవాళ్లకు అది కనిపించదు. ఇంజన్ కింద ముందొక చట్రం, వెనకొక చట్రం, ఒక్కోదానికి మూడు ఇరుసులు. ప్రతి ఇరుసుకూ ఒక మోటారు వేలాడుతుంది, మొత్తం ఆరు. ఆ మోటార్లకు చోటివ్వడం కోసమే ఇరుసుల మధ్య ఎడం ఒకేలా ఉండదు. పెద్దబాపు టికెట్ వెనక పెన్సిల్‌తో గీసి చూపించాడు. అక్కడితో ఆగలేదు. "ఇసుక గొట్టాలు యాడున్నయ్?" అన్నాడు. వానాకాలంలో పట్టా తడిసి చక్రం జారితే, చక్రం ముందు సన్న ఇసుక పోయడానికి గొట్టాలుంటాయి. అవి లేని బండి ఆయన దృష్టిలో షెడ్డు దాటకూడదు, 20 సెంటీమీటర్లదైనా సరే.

రేడియో షాపాయన చిన్నబుచ్చుకుంటాడేమో అని నేను నేలచూపులు చూస్తున్నాను. ఆయన మాత్రం బల్ల కింద నుంచి నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. స్టేషన్లో ఫోటో తీద్దామంటే పోలీసులు పట్టుకుంటారని భయం, షెడ్డులోకి బయటివాళ్లను రానివ్వరు, కంటితో చూసి ఇంటికొచ్చి గీసుకోవడమే. కొలత చెప్పే మనిషి దొరకడమే ఆయనకు పెద్ద పండగ. ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చున్నారు. చాయ్ తెప్పించారు. ఇక నన్ను అడిగే నాథుడు లేడు.

వాళ్ల మాటల్లోనే ఇంకో సంగతి తెలిసింది. ఆ ఇంజన్ కింద వేసిన పట్టాలు ఎవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన బొమ్మ రైలువి. 1:87లో రెండు పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే అక్కడి స్టాండర్డ్ గేజ్ 1,435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676. దాన్ని 87తో భాగిస్తే 19 దాటుతుంది. అందుకే మన బండిని ఆ పట్టాల మీద పెడితే కాళ్లు దగ్గరికి పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. మన దేశంలో రైలు నమూనాలు చేసేవాళ్లకు ఇప్పటికీ ఇదే తలనొప్పి. పట్టాలు సొంతంగా వేసుకోవాలి, లేదా చూసీ చూడనట్టు పోవాలి. పెద్దబాపు చూసీ చూడనట్టు పోయే మనిషి కాదు.

నేను ఒక్కడినే మిగతా బల్లలు తిరగడం మొదలుపెట్టాను. అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడ్డది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకన్న బల్ల దగ్గర. వాళ్ల అన్న దుబాయ్‌లో. మా వైపు దుబాయ్ నుంచి వచ్చే పెట్టెలో ఏముంటాయో అందరికీ తెలుసు: సెంటు సీసాలు, టైగర్ బామ్, టేప్ రికార్డర్, మెత్తటి దుప్పట్లు. వీళ్ల పెట్టెలో వాటితో పాటు ప్లాస్టిక్ కిట్లు వచ్చేవి. ఎయిర్‌ఫిక్స్ వాళ్ల విమానాలు, తమియా వాళ్ల ట్యాంకులు. అట్టపెట్టె విప్పితే సన్నటి ఫ్రేములకు అంటుకుని రెక్కలు, చక్రాలు, పైలట్. ఒక్కోటి బ్లేడుతో కోసి, అంచు గీకి, అతికించి, రంగేయాలి. 1:72 స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఒకటి పెట్టాడు. రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి జానెడు కంటే తక్కువే. దాని మీది గుర్తులు నీళ్లలో నానబెట్టి జార్చి అంటించినవి.

ట్యాంకులకు ఆ వింత 1:35 స్కేలు ఎందుకొచ్చిందో చాలా ఏళ్ల తర్వాత చదివాను. జపాన్‌లో తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు కిట్ చేసినప్పుడు, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకున్నారట. తీరా అసలు ట్యాంకుతో పోల్చి చూస్తే 1:35కు దగ్గరగా తేలింది. ఇప్పుడు ప్రపంచమంతా ట్యాంకు బొమ్మలు అదే లెక్కలో చేస్తుంది. బ్యాటరీ సైజును బట్టి ఒక లోకం కొలత కుదిరిందన్నమాట.

అయితే నేను అక్కడ నిలబడ్డది ట్యాంకుల కోసం కాదు. ఆ అన్న అక్కడే కూర్చుని ఒక మనిషి బొమ్మకు రంగేస్తున్నాడు. 54 మిల్లీమీటర్ల సీసపు సైనికుడు. సైనికుడు అన్నాను గానీ, అప్పటికే వాడు సైనికుడు కాడు. తల మీద టోపీ కోసేసి, పుట్టీతో రుమాలు చుట్టాడు. చేతిలో తుపాకీ గీకి గీకి కర్ర చేశాడు. బూట్లు చెక్కి కిర్రు చెప్పులు చేశాడు. పల్చటి టిష్యూ కాగితం ఫెవికాల్ నీళ్లలో ముంచి భుజం మీద వేస్తే గొంగడి మడతలు వాటంతటవే పడ్డాయి. నల్లరంగు తడి మీద ఉండగానే పాత టూత్‌బ్రష్‌తో అద్దితే ఉన్ని నూగు లేచింది. విదేశీ సిపాయి మా ఊరి గొల్లాయన అయ్యాడు.

ముఖం వేయడం చూశాను. ముందు కళ్లు. తెల్లగుడ్డు పూర్తి తెలుపు వేయకూడదట, వేస్తే భయపడ్డ మొహం అవుతుందట. కొంచెం మీగడ రంగు. నల్లగుడ్డు చుక్క పక్కకు జరిగినా పర్వాలేదు, తర్వాత చర్మం రంగుతో చుట్టూ సర్దుకుంటూ రావచ్చు. అందుకే కళ్లు ముందు, చెంపలు తర్వాత. ట్రిపుల్ జీరో బ్రష్ మొనను పెదాలతో సన్నగా చేసుకుంటూ, ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క, మళ్లీ ఊపిరి.

"గడ్డం కింద గంత నల్లగ ఎందుకన్నా?" అని అడిగాను.

"నీడరా తమ్మీ."

"లైటు పడితే నీడ అదే పడదా?"

ఆయన బ్రష్ పక్కన పెట్టి మరీ చెప్పాడు. మనిషిని చిన్నగా చేయొచ్చు గానీ వెలుగును చిన్నగా చేయలేం. ఇంత పెద్ద గదిలో ట్యూబ్‌లైటు కింద, చిటికెన వేలి గోరంత ముఖానికి ముక్కు నీడ కూడా సరిగా పడదు. అందుకని నీడా మనమే వేయాలి, ఎండా మనమే వేయాలి. లోతుల్లో ముదురు రంగు పల్చగా పారించి, ఆరాక, దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో లేత రంగు పైపైన తుడిస్తే ముక్కు, చెంప ఎముకలు, గొంగడి అంచులు పైకి లేస్తాయి. నా కళ్ల ముందే ఆ గొల్లాయన ఎండలో నిలబడి కళ్లు చిట్లించినట్టు అయ్యాడు. తర్వాత ఎన్నో మ్యూజియంలు చూశాను, అంత దగ్గరగా ఒక ముఖం పుట్టడం మళ్లీ చూడలేదు.

ఆ రోజు అందరినీ నవ్వించింది కూడా ఆ గొల్లాయనే. రేడియో షాపాయనకు తన ఇంజన్ పక్కన ఒక మనిషి ఉంటే బాగుండని ఎప్పటి నుంచో ఆశ. రంగు ఆరగానే అడిగి తెచ్చి పట్టాల పక్కన నిలబెట్టాడు. నిలబెట్టగానే చుట్టూ జనం గొల్లున నవ్వారు. గొల్లాయన ఇంజన్ పైకప్పు దాటిపోయాడు! 54 మిల్లీమీటర్ల బొమ్మంటే 1:32కు దగ్గర. 1:87లో మనిషి రెండు సెంటీమీటర్లకు మించడు. రెండూ ముచ్చటైన పనులే, ఒకచోట పెడితే రెండూ చెడిపోయాయి. పెద్దబాపు మాత్రం "ఏం గాదు, గీయన ఎర్రజెండ లేకుంటనే బండినాపి మేకల దాటిస్తడు" అన్నాడు. నమూనాల గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ దృశ్యమే గుర్తొస్తుంది. చిన్నగా చేయడం వేరు, కొలత పెట్టి తగ్గించడం వేరు. ఆ తేడా నాకు అర్థమైంది అప్పుడే.

ఆ హాల్లో కొలతతో పనిలేనివాళ్లూ ఉన్నారు, వాళ్ల గొప్ప వాళ్లదే. నిర్మల్ నుంచి వచ్చిన పెద్దాయన బల్ల మీద మామిడిపండు నిజం పండంత, పులి కూడా అంతే. దాని పక్కన చిలుక పులికంటే కొంచెం పెద్దది. పొనికి చెక్క చేతిలో పెడితే బరువే తెలియదు. ముక్కలు అతకడానికి చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద, దాని మీద తెల్లమట్టి పూత, ఆ పైన రంగులు. "స్కేలు ఎంత?" అని బ్యాడ్జీ కుర్రాడు అట్టముక్క పట్టుకుని అడిగితే, "పిల్లగాని చేతికి పట్టేంత" అన్నాడాయన. కుర్రాడికి ఏం రాయాలో తోచక అట్టముక్క ఖాళీగానే పెట్టి వెళ్లాడు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్ల గురించి కూడా అక్కడ మాటలొచ్చాయి. అది మళ్లీ ఇంకో విద్య. చీర చీరంతే ఉంటుంది, మడతే చిన్నది.

సింగరేణి బొగ్గుబాయి నమూనా ఒకటి ఉండాలి కాబట్టి ఉంది. అద్దం పెట్టెలో, పొరలు పొరలుగా, స్విచ్ వేస్తే మోటారు తిరిగి కేజీ, అంటే మనుషుల్ని బాయిలోకి దింపే పంజరం, కిందికి దిగుతుంది. గోదావరిఖని నుంచి వచ్చిన ఒకాయన మాత్రం కేజీని పట్టించుకోకుండా, తట్టా, చెమ్మస్ (బొగ్గెత్తే పార) పట్టుకున్న బొమ్మల నడుములు ఇంకా వంగాలని వాదిస్తున్నాడు.

మేడారం జాతర బల్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక డ్రాయింగ్ సార్ చేశాడు. రెండు గద్దెలు, కంక వెదురు, ఎడ్లబండ్లు, వేలకొద్దీ జనం. 1:100 అని రాసి పెట్టాడు, మనుషులు సెంటీమీటరున్నర. దగ్గరగా చూస్తే జనంలో సగం చింతగింజలే, నిలబెట్టి తల దగ్గర చుక్క పెట్టినవి. దూరం నుంచి జాతర జాతరలాగే ఉంది. సార్ భక్తితోనో, పట్టుదలతోనో, గద్దెల మీద మొక్కుల బంగారం (మేడారంలో మొక్కు బెల్లానికి అదే పేరు) కోసం నిజం బెల్లమే చిన్న చిన్న ముక్కలు చేసి పేర్చాడు. మధ్యాహ్నానికి చీమలొచ్చాయి. బల్ల కాలు ఎక్కి, దుప్పటి మీదుగా, ఎడ్లబండ్ల సందుల్లోంచి వరసగా గద్దెల దాకా. ఆ స్కేలులో ఒక్కో చీమ అర మీటరు, అంటే కుక్క సైజు. జనం జాతరను వదిలి చీమలను చూడ్డానికి ఎగబడ్డారు. సార్ పసుపు చల్లి చూశాడు, గమాక్సిన్ చల్లుదామని ఎవరో అంటే "అమ్మవారి గద్దె మీదనా?" అని కసిరాడు. సాయంత్రానికి బంగారంలో సగం నేలమీద, ఒక మూలకు తరలిపోయింది.

రామప్ప గుడి మదనికను, అంటే అక్కడి స్త్రీ శిల్పాల్లో ఒకదాన్ని, సుద్దముక్క మీద చెక్కిన ఒక డిగ్రీ విద్యార్థి ఉండె. 1213 నాటి గుడి పైకప్పు కింద నల్లరాతి మదనికలు నిగనిగలాడుతూ ఉంటాయి కదా, వాటిలో ఎత్తు మడమ చెప్పులు వేసుకున్నామెను ఎంచుకున్నాడు. చెప్పు మడమ ఆవగింజంత. పక్కనే అగ్గిపెట్టె తెరిచి పెట్టాడు, అందులో విరిగిపోయిన చేతులు, కాళ్లు. గట్టి రాతి మీద వాళ్లు ఎట్లా చెక్కారో గానీ, మెత్తటి సుద్ద మీద ఇన్ని విరిగాయని చూపించడానికట. నాకైతే మదనిక కంటే ఆ అగ్గిపెట్టె నచ్చింది.

మొదటి బహుమతి ఇవేవీ కొట్టలేదు. వేయి స్తంభాల గుడికి ఇచ్చారు. థర్మాకోల్‌తో చేసి లోపల రంగు బల్బులు పెట్టారు. పెద్దది, మెరుస్తోంది, ముఖ్య అతిథి పక్కన నిలబడి ఫోటో దిగడానికి వీలుగా ఉంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడిలో ఒక్కో స్తంభం అంచులంచులుగా తీర్చినట్టుంటుంది. ఇక్కడ అన్నీ ఒకే అచ్చు గొట్టాలు. అసలు గుడిలో వెయ్యి ఉన్నాయా అని జనం వాదించుకున్నారు తప్ప, ఇక్కడున్నవి ఎట్లున్నాయో ఎవరూ చూడలేదు. అయితే ఒక మాట. ఆ గుడి కళ్యాణ మండపాన్ని తర్వాత విప్పి, ఏళ్ల తరబడి అట్లాగే ఉంచి, 2024లో గానీ మళ్లీ తెరవలేదు. మధ్యలో ఎప్పుడు వెళ్లినా ఆ రాళ్లను చూస్తే నాకు ఆ థర్మాకోల్ మండపం గుర్తొచ్చేది. దాని మీద కోపం కొంత తగ్గింది.

పెద్దబాపుకు మాత్రం తగ్గలేదు. తిరుగు బస్సులో సుబేదారి దాటేదాకా బల్బుల గుడిని తిడుతూనే ఉన్నాడు. తర్వాత హఠాత్తుగా, "మన క్వార్టర్‌ను గూడ 87తోని భాగిస్తే ఎంతొస్తదిరా?" అన్నాడు. క్వార్టర్ పొడవు అడుగుల్లో చెప్పాడు, నేను వేళ్ల మీద లెక్కేసి, అరచేయి అంత అన్నాను. ఇంటికెళ్లి పెద్దమ్మకు అదే చెప్పాడు. "ఉన్న ఇల్లే ఇరుకైతాంది, నువ్వింక చిన్నగ జేస్తనంటున్నవా?" అని ఆమె అన్నం గిన్నె ఠంగున పెట్టింది.

క్వార్టర్ చేయలేదు గానీ, ఆ ఏడే ఒక గూడ్సు వ్యాగన్ మొదలుపెట్టాడు. రేడియో షాపాయనే సోల్డరింగ్ నేర్పాడు. బదులుగా పెద్దబాపు కొలతలు మోసుకెళ్లేవాడు, వాటిలో మూడు ఇరుసుల ఎడం మొదటిది. డాల్డా డబ్బాలు ఖాళీ కాకముందే కత్తిరిస్తున్నాడని పెద్దమ్మ గొడవ. బొగ్గు కోసం కాజీపేట యార్డులో ఏరుకొచ్చిన రాక్షసి బొగ్గునే రోట్లో దంచి, జల్లెడ పట్టి, స్కేలుకు సరిపోయే పలుకులు మాత్రమే నింపాడు. తలుపుల గొళ్లేలు నిజంగా తెరుచుకుంటాయి. మూడు వ్యాగన్లు, ఒక గార్డు డబ్బా అయ్యాయి. ఇంజన్ ఎందుకు చేయవు పెద్దబాపూ అని ఎవరడిగినా ఒకటే జవాబు: "పొద్దంత గదే జూస్తున్న. ఇంటికొచ్చినంక గూడ గదేనా?"